గలగలమంటేనే బస్తాలోకి

గుంటూరు మిర్చి యార్డులో వ్యాపారి టిక్కీలో, అంటే మిర్చి బస్తాలో, చెయ్యి పెట్టి కాయను నొక్కి చూస్తాడు. మెత్తగా తగిలిందా, తేమ ఉన్నట్టే. ధర అక్కడే తగ్గుతుంది.

ఎండు మిర్చిలో తేమ 10 శాతం దగ్గర ఉండాలి. మించితే బూజు పడుతుంది. కొన్ని రకాల బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది. అది కంటికి కనిపించదు. వండినా పూర్తిగా పోదు. అది పరిమితి దాటితే విదేశాలు సరుకును వెనక్కి పంపేస్తాయి.

మరీ ఎండినా చిక్కే, కాయ విరిగిపోతుంది. అందుకని కొందరు బస్తాల్లో తొక్కే ముందు నీళ్లు చల్లుతారు. బూజును పిలిచి పీట వేయడమే అది!

రాత్రి మంచు తగలకుండా కల్లంలో పట్టా కప్పాలి. నిల్వలో బస్తాల కింద చెక్కలు వేయాలి, గోడకు ఎడం ఉంచాలి.

కాయను చెవి దగ్గర ఊపి చూడండి. గింజలు గలగలమనకపోతే ఇంకో రెండెండలు ఎండనివ్వండి.