మిత్రదేశం మనుషులు పట్టుబడితే
(గేటు మీటింగులో కార్యదర్శి ప్రసంగం)



పక్క మిల్లు కార్మికులను పోలీసులు పట్టుకుపోతే, మనం ముందు వాళ్ళ యూనియన్‌ను అడుగుతాం. జామీనుకు మనుషులు కావాలా, ఇళ్ళకు బియ్యం పంపాలా అని. వాళ్ళు వద్దన్న చోట మైకు పట్టుకోం. దేశాల నాయకులూ అలాగే నడవాలంటాం.

1979 నవంబరు 4న టెహరాన్‌లో ఇరాన్ విద్యార్థులు అమెరికా రాయబార కార్యాలయంలోకి చొరబడి సిబ్బందిని బందీలుగా పట్టుకున్నారు. షాను గద్దె మీద నిలబెట్టిన అమెరికా మీద వాళ్ళకు కోపం ఉండటం న్యాయమే. దాన్ని గుమాస్తాల మీద తీర్చుకోవడం న్యాయం కాదు.

ఆరుగురు తప్పించుకున్నారు. మిత్రదేశం కెనడా రాయబారి కెన్ టేలర్, ఆయన సహోద్యోగి ఒకరు వాళ్ళను తమ ఇళ్ళలో దాచారు. ప్రధాని జో క్లార్క్ ప్రభుత్వం గుట్టుగా కెనడా పాస్‌పోర్టులిచ్చింది. 1980 జనవరి నెలాఖరున ఆరుగురూ విమానమెక్కి బయటపడ్డారు.

అంతదాకా క్లార్క్ నోరు విప్పలేదు. ప్రతిపక్ష నాయకుడు త్రూదోకు మాత్రం సంగతి చెవిన వేశాడు. అయినా ఆయన పార్లమెంటులో, అమెరికాకు మీరు చేస్తున్న సాయమేమిటని నిలదీశాడు! తెలిసీ అలా అడగడం మనకు నచ్చదు. నిజం చెబితే ఆరు ప్రాణాలు పోతాయి, చెప్పకపోతే చేతగానివాడనిపించుకోవాలి. క్లార్క్ ఆ మాట పడ్డాడు. 1980 ఫిబ్రవరి ఎన్నికల్లో ఓడాడు కూడా. అది పెట్రోలు పన్ను, బడ్జెట్టు గొడవ, వేరే సంగతి.

లోపల మిగిలిన 52 మంది 444 రోజులకు, 1981 జనవరి 20న బయటికొచ్చారు. ఆ రాజీకి ఇరుపక్షాల మధ్య తిరిగింది అల్జీరియా.