పత్రికల కట్టలలో ప్రజల చరిత్ర

(డాక్టర్ అంబేడ్కర్ నడిపిన పత్రికల పరిరక్షణను గురించి గ్రంథాలయ వారోత్సవాలలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా నవంబరు 14 నుండి 20 వరకు మనం గ్రంథాలయ వారోత్సవాలు జరుపుకొంటున్నాము. ఈ వారం రోజులలో పుస్తకాల గొప్పదనాన్ని గురించి పెద్దలు ఎందరో చెబుతారు. పుస్తకానికి గట్టి అట్ట ఉంటుంది, బీరువాలో చోటు ఉంటుంది, జాబితాలో పేరు ఉంటుంది. వార్తాపత్రిక మాట వేరు. ఉదయం చేతిలో ఉన్నది సాయంత్రానికి పచారీ కొట్టులో పొట్లమవుతుంది. అటువంటి అల్పాయుష్షు గల కాగితాలను నూరేళ్లపాటు కాపాడవలసిన అవసరమేమి, కాపాడే మార్గమేమి అన్న విషయాన్ని ఒక్క ఉదాహరణతో మీ ముందు ఉంచదలచినాను. ఆ ఉదాహరణ డాక్టర్ భీమరావ్ రామ్‌జీ అంబేడ్కర్ నడిపిన పత్రికలు.

రాజ్యాంగ నిర్మాతగా అంబేడ్కర్‌ను మీరందరూ ఎరుగుదురు. ఆయన సుమారు 36 సంవత్సరాల పాటు పత్రికా రంగంతో సంబంధం కలిగి ఉన్నారన్న సంగతి అంతగా ప్రచారంలో లేదు. 1920 జనవరి 31న బొంబాయిలో ‘మూక్‌నాయక్’ అనే మరాఠీ పక్షపత్రిక వెలువడినది. మూగవారి నాయకుడని ఆ పేరుకు అర్థం. కొల్హాపూర్ ప్రభువు శాహూ మహారాజు అందుకు 2,500 రూపాయల విరాళమిచ్చినారు. అంబేడ్కర్ అప్పుడు సిడెన్‌హామ్ కళాశాలలో ఆచార్యులు. ప్రభుత్వోద్యోగి కావడం వలన సంపాదకుడిగా ఆయన పేరు వేయలేదు. పాండురంగ భట్కర్ సంపాదకులుగా ఉన్నారు. ఈ పత్రిక వస్తున్నదని తెలిపే ప్రకటనను, రుసుము చెల్లిస్తామన్నప్పటికీ, ‘కేసరి’ పత్రిక స్వీకరించలేదు. ఆ కాలంలో అంటరానివారి మాటకు దక్కిన మర్యాద అంతటిది.

1927 మార్చి 20న మహాడ్‌లోని చవదార్ చెరువు నీటిని అంబేడ్కర్, ఆయన అనుచరులు తాగినారు. సార్వజనికమైన చెరువుపై సాటి పౌరులతో సమానమైన హక్కు తమకూ ఉన్నదని చాటిన ఘట్టమది. సరిగ్గా రెండు వారాలకు, ఏప్రిల్ 3న, ‘బహిష్కృత భారత్’ ప్రారంభమైనది. ఈసారి సంపాదకుడిగా ఆయన పేరే ఉన్నది. ధనం లేక, సహాయకులు లేక, పత్రికలో అధిక భాగం ఆయనే స్వయంగా రాయవలసివచ్చేది. 1929లో అది ఆగిపోయినది. ఈ మధ్యలో, 1928లో, సమాజ సమతా సంఘం పక్షాన ‘సమతా’ వచ్చినది. 1930 నవంబరు 24న ‘జనతా’ మొదలైనది. అదే పత్రిక 1956 ఫిబ్రవరి 4 నుండి ‘ప్రబుద్ధ భారత్’ అన్న పేరు ధరించినది. ఆ సంవత్సరం డిసెంబరు 6న అంబేడ్కర్ ఢిల్లీలో కన్నుమూసినారు.

ఆయన మరణానంతరం ఆయన కాగితాల వారసత్వం న్యాయస్థానం దాకా వెళ్లినది. వ్రాతప్రతులతో నిండిన పెట్టెలు చాలాకాలం అధికారుల స్వాధీనంలో ఉండిపోయినాయి. 1976లో మహారాష్ట్ర ప్రభుత్వం ఆయన రచనల ప్రచురణకై ఒక సంఘాన్ని నియమించినది. మొదటి సంపుటం 1979 ఏప్రిల్ 14న వెలువడినది. రెవెన్యూ శాఖలో పనిచేసిన వసంత్ మూన్ ఈ మహాకార్యానికి సంపాదకులు. నాగపూరు దళితవాడలో పుట్టి పెరిగిన మూన్, ప్రభుత్వం పూనుకొనడానికి ఎంతో ముందునుండే అంబేడ్కర్ సాహిత్యాన్ని సేకరిస్తూ వచ్చినవారు. ‘మూక్‌నాయక్’, ‘బహిష్కృత భారత్’ పత్రికల రచనలు 1990లో ఒక సంపుటంగా వచ్చినాయి. అంబేడ్కర్ రచనల సంపుటాలు తెలుగులోకి కూడా అనువాదమై మన గ్రంథాలయాలకు చేరినాయి.

సంపుటాలు వచ్చిన తరువాత పాత ప్రతులతో పని ఏమున్నదని మీలో కొందరికి అనిపించవచ్చును. ఈనాటి నా మాటలకు మూలం ఆ ప్రశ్నయే.

సంపుటంలోకి నాయకుడు వస్తాడు. ఆయన చుట్టూ ఉన్న జనం అంతగా రారు. సంపాదకీయం పునర్ముద్రణ పొందుతుంది. దాని పక్కనే ఉన్న గ్రామ సభ వార్త, బావి నీటికై జరిగిన తగవు, ఒక వసతిగృహానికి అణాలు, రూపాయలు ఇచ్చిన దాతల పట్టిక, చందాదారులకు కార్యనిర్వాహకుడు చేసిన విన్నపం, ఒక కూలివాని ఉత్తరం, ఒక చిన్న దుకాణం ప్రకటన సంపుటాల దాకా చేరడం అరుదు. రౌండు టేబులు సమావేశాలకు వెళ్లినప్పుడు అంబేడ్కర్ పంపిన లేఖలు ‘జనతా’లో అచ్చైనాయి. ఆ లేఖలను విడిగా చదివితే అంబేడ్కర్ మనసు తెలుస్తుంది. ఆ సంచికను పూర్తిగా చదివితే, ఆయన లండన్‌లో మాట్లాడుతున్న వేళ ఇక్కడ ఏ ఊరిలో ఎవరు సభ జరిపినారో, ఎవరు భయపడినారో, ఎవరు తెగించినారో కూడా తెలుస్తుంది. పౌరహక్కుల ఉద్యమం ఒక్క మనిషితో నడిచినది కాదనడానికి సాక్ష్యం ఆ చిన్న అక్షరాలలో ఉన్నది. వేరెక్కడా అచ్చుకెక్కని పేర్లు అక్కడ ఒక్కసారి అచ్చైనాయి. ఆ ప్రతి నశిస్తే ఆ మనుషులు చరిత్రలో మళ్లీ మూగవారవుతారు.

మరొక సంగతి కూడా ఆ పుటలే చెబుతాయి. ‘సమతా’ సంపాదకుడు దేవరావ్ నాయక్, ‘జనతా’ సంపాదకత్వంలో పాలుపంచుకొన్న సహస్రబుద్ధే బ్రాహ్మణ కుటుంబాలకు చెందినవారు. ‘మూక్‌నాయక్’ మొదటి పుటపై తుకారాం అభంగమూ, ‘బహిష్కృత భారత్’ మొదటి పుటపై జ్ఞానేశ్వరి ఓవీలూ ఉండేవి. వివక్షను ఎదిరించిన ఆ పత్రికలు దేశీయమైన సంత్ వాఙ్మయంతో బంధం తెంచుకొనలేదు. కలిసివచ్చిన అన్యకులాల వారిని దూరం పెట్టనూ లేదు. జాతీయ సమైక్యతను గురించి వ్యాసాలు రాసే విద్యార్థి ఇటువంటి ఆధారాలను మూలంలో చూచినప్పుడు అతని మాటకు బలం కలుగుతుంది.

ఇంతటి విలువగల పత్రికల ప్రతులు దుర్లభం కావడానికి కారణాలున్నాయి. వాటి పాఠకులు పేదవారు. చదువు వచ్చిన ఒకరు చదువుతుండగా వాడలోని పదిమంది కూర్చుని వినేవారు. ఒకే ప్రతి చేతులు మారి, మడతలుపడి, చిరిగి, చివరకు మిగలకుండా పోయేది. పెద్ద పత్రికలకు కార్యాలయాలు, దస్త్రాలు, వాటిని కొనే గ్రంథాలయాలు ఉన్నాయి. ఇటువంటి చిన్న పత్రికలను కొని భద్రపరచిన సంస్థలు ఆనాడు అరుదు. ఆంగ్ల ప్రభుత్వం దేశభాషా పత్రికలపై నిఘా ఉంచి, వాటి సారాంశాలను వారం వారం ఆంగ్లంలో రాయించుకొనేది. మూలప్రతి పోయిన పత్రికల విషయంలో నేటి పరిశోధకుడు ఆ నిఘా నివేదికలనే ఆశ్రయించవలసివస్తున్నది. ప్రజల మాట పాలకుని అనుమానపు నకలులో మాత్రమే మిగలడం ఎంత విచారకరమో ఆలోచించండి.

మనుషుల నిర్లక్ష్యానికి తోడు కాగితమే తనకు తాను శత్రువు. పాతకాలపు చేతికాగితం గుడ్డపీలికలతో తయారయ్యేది. వందల ఏళ్లు నిలిచేది. పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధం నుండి వార్తాపత్రికల కాగితం కొయ్యగుజ్జుతో తయారవుతున్నది. కొయ్యలోని లిగ్నిన్ అనే పదార్థం వెలుతురుకు, గాలికి పసుపు రంగుకు తిరుగుతుంది. కాగితంలోని ఆమ్లం దాని నారను లోలోపలే కొరికివేస్తుంది. మడత పెట్టినచోట విరిగి అప్పడంలా పొడి అవుతుంది. మన దేశపు వేడి, వానకాలపు తేమ, చెదలు, వెండి పురుగులు మిగిలిన పని పూర్తి చేస్తాయి.

కనుక పరిరక్షణకు ఒక క్రమం ఉన్నది. మొదటిది, దొరికిన కట్టను దొరికిన వరుసలోనే ఉంచి జాబితా రాయాలి. పత్రిక పేరు, తేదీ, సంచిక సంఖ్య, ఉన్న పుటలు, లేని పుటలు, ఎవరి ఇంటినుండి వచ్చినదో, అన్నీ నమోదు చేయాలి. ముఖ్యమైన వ్యాసాన్ని కత్తిరించి తక్కినది పారవేయడం మహాపరాధం. రెండవది, మెత్తని కుంచెతో దుమ్ము దులిపి, మడతలు విప్పి, ఆమ్లరహితమైన అట్టపెట్టెలో చదునుగా పరచాలి. గోడకు ఆనకుండా ఇనుప బీరువాలో ఉంచి, గాలి ఆడనిచ్చి, ఎండ తగలకుండా చూడాలి. మూడవది, చిరుగులకు పారదర్శకమైన బంక టేపు అంటించరాదు. కొన్నేళ్లకు అది గోధుమరంగు మరకను శాశ్వతంగా విడిచిపోతుంది. నిపుణులు పలుచని జపాను కాగితాన్ని పిండి జిగురుతో అతికిస్తారు. సిరా చెదరదని పరీక్షించిన తరువాత క్షార ద్రావణంతో ఆమ్లాన్ని తగ్గిస్తారు. ఇది తెలియనివారు చేయవలసిన పని కాదు.

నాలుగవది నకలు. పాత పత్రికలకు మైక్రోఫిల్ము తీయడం మన దేశంలో చాలాకాలంగా జరుగుతున్నది. ఢిల్లీ తీన్‌మూర్తి ప్రాంగణంలోని గ్రంథాలయం, 2023 నుండి ప్రధానమంత్రుల సంగ్రహాలయమూ గ్రంథాలయమూ అన్న పేరు గలది, ఇటువంటి ఫిల్ములకు ప్రసిద్ధి. సరిగా భద్రపరచిన మైక్రోఫిల్ము కొన్ని వందల సంవత్సరాలు నిలువగలదు. నేడు స్కానింగు సులభమైనది. కాని కంప్యూటరులోని ప్రతి కూడా శాశ్వతం కాదు. యంత్రాలు మారినకొద్దీ దానిని కొత్త రూపంలోకి మార్చుకొంటూ, రెండు మూడు వేర్వేరు ఊళ్లలో ఉంచాలి. నకలు తీసినాము గనుక మూలప్రతిని అమ్మివేయవచ్చునన్న ఆలోచన రానీయవద్దు. చట్టరీత్యా కూడా మార్గం సుగమమైనది. రచయిత మరణించిన 60 ఏళ్లకు హక్కులు ముగుస్తాయి గనుక, అంబేడ్కర్ తన జీవితకాలంలో ప్రచురించిన రచనలు 2017 జనవరి 1 నుండి అందరి సొత్తు అయినాయి.

స్వాతంత్ర్యానంతరం మన ప్రభుత్వం 1954లో గ్రంథ సమర్పణ చట్టం చేసి, 1956లో పత్రికలకు కూడా దానిని విస్తరింపజేసినది. ప్రచురణకర్తలు కలకత్తా జాతీయ గ్రంథాలయానికి, నిర్ణీతమైన ఇతర గ్రంథాలయాలకు ప్రతులు పంపవలెనన్నది దాని సారం. అయితే అంతకు ముందటి పత్రికలను ఏ చట్టమూ వెనుకకు తేలేదు. వాటిని తేగలిగినవారు మనుషులే. తమిళనాడులో సైన్‌బోర్డులు రాసి జీవించిన రోజా ముత్తయ్య అనే సామాన్యుడు కొట్టైయూరులోని తన ఇంటిలో జీవితాంతం పుస్తకాలు, పత్రికలు సేకరించినారు. 1992లో ఆయన మరణించిన తరువాత ఆ నిధి చెదరకుండా, నేడు చెన్నైలో ఆయన పేరిట పరిశోధన గ్రంథాలయమై వెలసినది. సేకరణ ఒకరి ప్రేమతో మొదలైనా, ఒక సంస్థ చేతిలో పడితేనే తరాలు దాటుతుంది.

మన తెలుగు నేలలో కూడా ఇటువంటి పని మిగిలి ఉన్నది. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ 1931లో ‘భాగ్యనగర్’ పత్రికను స్థాపించినారు. తరువాత అది ‘ఆది హిందూ’గా మారినది. రాజమహేంద్రవరంలో కుసుమ ధర్మన్న ‘జయభేరి’ పత్రికను నడిపినారు. అంబేడ్కర్ మరాఠీలో రాస్తున్న దశాబ్దాలలోనే అదే ఆత్మగౌరవ స్వరం తెలుగులో వినిపించినది. 1918లో స్థాపితమైన వేటపాలెం సారస్వత నికేతనం పాత తెలుగు పత్రికలను ప్రాణప్రదంగా దాచి, పరిశోధకులకు ఎంతో మేలు చేసినది. అయితే ఏ గ్రంథాలయమూ తన వద్దకు రాని ప్రతిని కాపాడలేదు. మన తాతల ట్రంకు పెట్టెలలో, పాత పాఠశాల అటకలపై, సంఘ కార్యాలయాల మూలలలో ఇంకా కొన్ని కట్టలు మిగిలి ఉండవచ్చును.

విద్యార్థులారా! సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఈ విషయం పెద్దలను అడగండి. పాత పత్రిక కనిపిస్తే అమ్మనీయకండి, తగులబెట్టనీయకండి. ఇచ్చేవారి పేరు, ఊరు, పత్రిక తేదీ ఒక చీటీపై రాసి మీ గ్రంథాలయాధికారికి అందజేయండి. ఇవ్వడానికి ఇష్టపడని ఇంట ఫొటో తీసుకొనడానికి అనుమతి కోరండి. మరాఠీ, ఉర్దూ, తమిళం తెలిసిన మిత్రులు మీలో ఉంటే, ఆ భాషల పత్రికలలోని ఒక్క సంచిక విషయసూచికనైనా తెలుగులో తయారు చేయండి. ఒక ప్రాంతపు పీడితులు ఏమి కోరినారో మరొక ప్రాంతపువారు తమ భాషలో చదివి తెలిసికొన్నప్పుడు ఈ దేశం ఒకరికొకరు అర్థమవుతుంది.

గ్రంథాలయాధికారులకు నా విన్నపం ఒక్కటే. ఈ వారోత్సవాలు ముగిసేలోగా మీ భాండాగారంలో జాబితాకెక్కని పాత పత్రికల కట్ట ఒక్కటి విప్పండి. దానిలోని సంచికల పేర్లు, తేదీలు దస్త్రంలో రాయించండి. తక్కిన కట్టలు వచ్చే ఏటికి సిద్ధంగా ఉంటాయి.