కడుపుమంటయు, రెండవ వైద్యుని యభిప్రాయమును



భోజనములకు ముందు కడుపునొప్పినిగూర్చి ప్రసంగించుచున్నందులకు మన్నింపుఁడు.

మా అన్నగారు తొమ్మిదేండ్లు కడుపుమంటతో బాధపడిరి. ఆవకాయ మానిరి, కాఫీ మానిరి, మజ్జిగయన్నముతోఁ గాలము గడపిరి. చూచుచుండిన వైద్యులు మన బంధువులే. వారిచ్చిన మాత్ర మంట నణఁచుచుండెను. మానినంతనే మంట తిరిగి లేచుచుండెను. వేఱొకరికిఁ జూపుదమన్న, "మనవారిని కాదని పోవుట మర్యాద కాదు" అనెడివారు. వ్యాధికంటె నీ మర్యాదయే వారి నెక్కువ బాధించినదని నా తలంపు.

తుదకు మలము తారువలె నల్లనైనది. అప్పుడుగాని కదలలేదు. రెండవ వైద్యుఁడు ఎండోస్కోపీ చేసి, జీర్ణాశయమునఁ బుండును గనుఁగొని, చిన్నముక్క తీసి పరీక్షింపఁగా హెలికోబాక్టర్ పైలోరి యను సూక్ష్మజీవి బయటపడినది.

దీని కథ వినఁదగినది. ఆస్ట్రేలియాలోని పెర్తు నగరమున వారెన్, మార్షల్ అను వైద్యులు దీనిని పెంపఁజూచి పలుమాఱులు విఫలులైరి. పళ్లెములను రెండుదినములకే పారవేయుచుండుటయే కారణము! 1982 ఈస్టరు సెలవులలో వానిని తీయక విడువఁగా నది పెరిగియుండెను. లోకము నమ్మకపోఁగా 1984లో మార్షల్ దానినే త్రాగి జబ్బుపడిరి. 2005లో నిరువురకును నోబెల్ బహుమానము లభించినది.

అన్నగారికి పదునాలుగు దినముల మందులు చాలినవి. నెల దాఁటిన పిమ్మట మరల పరీక్షించి, క్రిమి లేదని రూఢిచేసిరి.

బరువు తగ్గినను, మ్రింగుట కష్టమైనను, దేహము పాలిపోయినను, మలము నల్లనైనను జాగు చేయకుఁడు. పాత కాగితములన్నియుఁ గొనిపొండు. కీళ్లనొప్పుల మాత్రలనుగూర్చియుఁ జెప్పుఁడు; అవియుఁ బుండును బుట్టింపఁగలవు. "ఇది మఱేమి కావచ్చును?" అని యడుగుఁడు.

మా బంధువైద్యులు కోపగింపలేదు. మొన్న పండుగకు మా యింట భుజించిరి. అన్నగారు వారి ప్రక్కనే కూర్చుండి ఆవకాయ వడ్డించుకొనిరి.