పదవిని విడుచు వేళ
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ గ్రంథాలయమున ఇరువదియైదు సంవత్సరములుగా ఒక నియమము సాగుచున్నది. పుస్తకమును ఎవరు కొనిపోయినను గడువులోగా తిరిగి యిచ్చివేయవలెను. అది వారి సొత్తు కాదు. దానికై మరియొకరు వేచియుందురు. ప్రజలిచ్చిన పదవియు అట్టిదే.

అమెరికా ప్రథమాధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ రెండు పర్యాయములు పదవిని నిర్వహించి, 1797లో తన వ్యవసాయ క్షేత్రమునకు మరలిపోయెను. మూడవమారు వలదని ఆనాడు ఏ శాసనమును నిర్బంధింపలేదు. 1940 వరకు ఏ అధ్యక్షుడును మూడవమారు ఎన్నిక కాలేదు. ఫ్రాంక్లిన్ రూజ్వెల్టు నాలుగుమారులు ఎన్నికైన పిమ్మట, 1951లో ఆ హద్దును రాజ్యాంగముననే చేర్చిరి. మన రాజ్యాంగమున ప్రధానమంత్రికి గాని, ముఖ్యమంత్రికి గాని అట్టి హద్దు లేదు. కావున నాయకుని వివేకము, ఓటరుల మెలకువ — ఈ రెండే మనకు హద్దులు.

మన దేశమున మంచి నిదర్శనములు లేకపోలేదు. 1956లో మహబూబునగరు రైలు ప్రమాదమునకు బాధ్యత వహించి, రైల్వేమంత్రి లాల్ బహదూర్ శాస్త్రిగారు రాజీనామా ఈయగా నెహ్రూగారు అంగీకరింపలేదు. ఆ యేడే అరియలూరులో మరల ప్రమాదము జరుగగా శాస్త్రిగారు పదవిని విడిచిరి. 1963లో కామరాజుగారు మద్రాసు ముఖ్యమంత్రి పదవిని వదలి పార్టీ పనికి పూనుకొనిరి. అయినను వారి పలుకుబడి తగ్గలేదు.

మన నీలం సంజీవరెడ్డిగారిని చూడుడు. కర్నూలు బస్సు మార్గముల జాతీయీకరణ వ్యాజ్యమున సుప్రీంకోర్టు తీర్పు వెలువడిన పిదప, 1964లో ముఖ్యమంత్రి పదవికి రాజీనామా చేసిరి. 1969లో రాష్ట్రపతి యెన్నికలో ఓడి, అనంతపురము జిల్లాలో సేద్యమునకు మరలిరి. 1977లో ఏకగ్రీవముగా రాష్ట్రపతి యైరి. 1982లో గడువు తీరగా మరల అనంతపురము చేరిరి. నాగలి యున్నవానికి కుర్చీ పోవునను భయము తక్కువ.

పదవిని పట్టుకొని వ్రేలాడువారిలో పెక్కుమందికి ధనాశ కంటె భయమే అధికము. దిగిన మరునాడు తన్నెవరు పలుకరింతురను భయమది. చుట్టును చేరిన ఆశ్రితులు తమ లాభమునకై ఆ భయమును పెంచుదురు. ఇందు మన దోషమును కలదు. పూలదండ కుర్చీకి వేసి, మనిషిని మరచుట మనకు అలవాటైనది.

కావున నాదొక మనవి. గడువు తీరి గౌరవముగా దిగివచ్చిన సర్పంచి యైనను, శాసనసభ్యుడైనను ఈ గ్రంథాలయమునకు వచ్చినపుడు పిలిచి కూర్చుండబెట్టుడు. ఆయన అనుభవమును యువకులకు చెప్పించుడు. దిగినవానికి ఊరిలో స్థానమున్నదని తెలిసిననాడు, ఎక్కినవాడు దిగుటకు జంకడు.