గుంటూరు జిల్లా లెక్క: హెచ్ఐవీ నివారణ, లైంగికతపై మన మౌనం

ఎయిడ్స్ కేసులు తొలిసారి అమెరికాలో 1981 జూన్‌లో నమోదయ్యాయి. దానికి కారణమైన హెచ్ఐవీ వైరస్ జాడ మన దేశంలో 1986లో మద్రాసులో దొరికింది. డాక్టర్ సునీతి సోలమన్ పర్యవేక్షణలో సెల్లప్పన్ నిర్మల అనే విద్యార్థిని సేకరించిన సెక్స్ వర్కర్ల రక్త నమూనాల్లో అది బయటపడింది. వెతికిన చోటే దొరికింది కాబట్టి అది ‘వాళ్ల’ జబ్బేనని లోకం తీర్మానించుకుంది.

ఆంధ్రదేశం వేశ్యావృత్తి గురించి మాట్లాడనిదేమీ కాదు. వీరేశలింగం భోగం మేళాల మీద ధ్వజమెత్తారు. మద్రాసు ప్రభుత్వం 1947లో దేవదాసీ నిషేధ చట్టం తెచ్చింది. అయితే గురజాడ వంటి ఒకరిద్దరిని మినహాయిస్తే, చర్చంతా ఆడవాళ్ల నడత చుట్టూనే తిరిగింది. వాళ్ల గడప తొక్కే మగవాడి ఊసు తక్కువ.

ఆ చర్చను మగవాడి వైపు తిప్పినవి 2000ల మొదట్లో రోడ్ల పక్కన లేచిన ఎయిడ్స్ నివారణ హోర్డింగులు. ‘పులిరాజా ఎవరు?’ అని కొన్నాళ్లు ఊరించి, ఆ తర్వాత ‘పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?’ అని అడిగాయి. బొంబాయిలో బల్బీర్ పాషా పేరుతో నడిచిన ప్రచారానికి ఇది తెలుగు తోబుట్టువు. జనం నవ్వుకున్నారు, ఒకరినొకరు ఆటపట్టించుకున్నారు. ఆ నవ్వులాటలోనే, బస్టాండులో బాహాటంగా అనలేని మాట నోట్లో నానింది. భయపెట్టే పుర్రె బొమ్మల కంటే అదే నయం. విజయవాడలో డాక్టర్ సమరం వారపత్రికల పాఠకుల లైంగిక సందేహాలకు సూటిగా జవాబులిస్తూ అప్పటికే దారి వేసి ఉన్నారు.

ఇంతకీ జబ్బు ఎందరికి ఉంది? గుంటూరు జిల్లానే చూడండి; తెనాలి, బాపట్ల, రేపల్లె అప్పట్లో అందులోనే ఉండేవి. ప్రభుత్వం ప్రధానంగా సర్కారు ఆసుపత్రుల్లో గర్భిణులకు, సుఖవ్యాధుల క్లినిక్కులకు వచ్చినవారికి చేసిన పరీక్షల మీద ఆధారపడి అంచనా వేసేది. ఆ పద్ధతిలో జిల్లాలో బాధితులు లక్షా పన్నెండు వేల పైమాటే. హైదరాబాదులోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీకి చెందిన డాక్టర్ లలిత్ దండోనా బృందం 2004-05లో పల్లెల్లో, పట్టణాల్లో 15-49 ఏళ్ల వయసున్న 12 వేల పైచిలుకు మంది రక్తం పరీక్షించింది. తేలింది 1.72 శాతం, అంటే సుమారు 46 వేల మంది. సర్కారు అంచనా అసలుకు రెండున్నర రెట్లు. కారణం వింతగా ఉంటుంది: ప్రైవేటు డాక్టర్లు అనుమానం వచ్చినవారిని సర్కారు ఆసుపత్రికి తోసేసేవారు, పేదలు ఎలాగూ అక్కడికే వెళతారు. వెలివేతే లెక్కను పెంచింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఫలితాలూ తోడై, 2007 జూలైలో దేశం మొత్తం అంచనా 25 లక్షలకు దిగింది. అంతకు ముందు ఐక్యరాజ్యసమితి ఎయిడ్స్ సంస్థ చెప్పిన సంఖ్య 57 లక్షలు.

గుంటూరు అధ్యయనంలో మరో సంగతి అందరూ మరిచిపోయారు. స్త్రీ పురుషుల మధ్య తేడా దాదాపు లేదు. చెడు తిరుగుళ్ల జబ్బు అన్న మాట అక్కడే వీగిపోవాలి. ఇంటి లోపలి సంగతి చూస్తే అది మరింత తేటపడుతుంది. 2005-06 సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో నూటికి అరవై మందికి పైగా ‘ఆపరేషన్’ చేయించుకున్నవాళ్లే. 1968 నుంచి ఎర్ర త్రికోణం గుర్తుతో సర్కారు అమ్మిన నిరోధ్ కండోమ్‌తో ఆ తర్వాత ఆ ఇంట్లో పని లేదు. అలాంటి ఇంట్లో భార్య కండోమ్ మాటెత్తితే మొగుడిని అనుమానించినట్టు, మొగుడు ఎత్తితే తప్పు ఒప్పుకున్నట్టు. పిల్లలు చాలనుకునేదాకా మర్యాద గల వస్తువు, ఆపైన నిందగా మారింది.

బయట మాత్రం పని జరిగింది. థాయిలాండ్ 1991లో వేశ్యాగృహాల్లో కండోమ్ తప్పనిసరి చేసి ఫలితం చూపింది. కలకత్తా సోనాగాచీలో 1992 నుంచి సెక్స్ వర్కర్లే తోటివారికి బోధకులయ్యారు. 2003లో మొదలైన అవాహన్ అనే హెచ్ఐవీ నివారణ కార్యక్రమం ఆ పద్ధతిని తెలుగునాట విస్తరించింది. పోలీసు బెడద, రౌడీల దౌర్జన్యం, పిల్లల బడి, బ్యాంకు ఖాతా: వీటి గురించి మాట్లాడాకే కండోమ్ గురించి వినేవారు దొరికారు. 2004 ఏప్రిల్‌లో వైరస్‌ను అణచి ఉంచే ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇవ్వడం మొదలైంది. క్రమం తప్పక వాడి, రక్తంలో వైరస్ కనిపించని స్థాయికి తగ్గినవారి నుంచి లైంగికంగా అది సోకదని తర్వాతి పరిశోధనలు నిర్ధారించాయి. 2021 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో వయోజనుల్లో హెచ్ఐవీ 0.67 శాతం; దేశ సగటుకు మూడింతలు, పాత స్థాయితో పోలిస్తే ఎంతో తక్కువ.

చట్టాలు ఆలస్యంగా కదిలాయి. స్వలింగ సంపర్కాన్ని నేరంగా చూసిన 377వ సెక్షన్‌పై 2001లో కోర్టుకెక్కింది ఎయిడ్స్ నివారణలో పనిచేసే నాజ్ ఫౌండేషనే. దాక్కుని బతికేవారికి నివారణ చేరదన్నది వారి వాదన. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు పరస్పర సమ్మతి గల వయోజనులను ఆ సెక్షన్ నుంచి తప్పించింది. అదే నెల 10న హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం సమ్మతి లేనిదే పరీక్ష చేయరాదు. హెచ్ఐవీ ఉందన్న నెపంతో ఉద్యోగం, చదువు, వైద్యం, అద్దె ఇల్లు కాదనడం చట్టవిరుద్ధం. అలా జరిగినచోట బాధితులు రాష్ట్ర అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు.