రికార్డు పట్టుకొని రండి

నాట్లు ఆపుకొని హాలియా దాకా వచ్చిన తల్లిదండ్రులకు నమస్కారం. మర్యాదలు ఇక చాలు.

పై చదువులకు విదేశాలకు పోదామనుకునేవాళ్లు చేతులెత్తండి. అబ్బో! సరే, ముందు లెక్క వినండి. అమెరికాలో చాలా యూనివర్సిటీలు 16 ఏళ్ల చదువు అడుగుతాయి. ఇంటర్ దాకా 12, బీఎస్సీ 3, మీకున్నవి 15. ఇక్కడే ఎమ్మెస్సీ చేసి పోతే ఆ లోటు తీరుతుంది, ల్యాబులో చేయీ తిరుగుతుంది. జర్మనీ ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలాచోట్ల ట్యూషన్ ఫీజు లేదు. అయితే మీ సర్టిఫికెట్లు జర్మన్ ఎంబసీ తరఫు ఏపీఎస్ వాళ్లు సరిచూడాలి, ఏడాది ఖర్చుకు సరిపడా డబ్బు ముందే ఖాతాలో చూపాలి. మిగతావి ఫోన్లో చూసుకోండి.

నా బాధ వేరే. ఎందుకు చదవాలనుకుంటున్నారో చెప్పే ఎస్‌ఓపీ ఉంటుందే, దాన్ని అమీర్‌పేట కన్సల్టెన్సీలో ఎవరో రాసిస్తే మీరు సంతకం పెట్టి పంపుతున్నారు. రిటైరయ్యేదాకా కెమిస్ట్రీ చెప్పినవాణ్ని, పీహెచ్‌డీ అడ్మిషన్ల కమిటీల్లో కూర్చున్నవాణ్ని. చిన్నప్పటినుంచీ సైన్సంటే ప్రాణమని అందరిదీ ఒకటే పాట! ఏం బిడ్డా, మూడేండ్లల్ల నీకు చెప్పుకునేది ఒక్కటీ జరగలేదా?

నా సంగతే చెప్తాను. జర్మనీలో నా ఇంటర్వ్యూలో మాది నల్గొండ అని చెప్పగానే ప్రొఫెసర్ తలెత్తాడు. "నల్గొండ టెక్నిక్, ఆ నల్గొండేనా?" నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు 1970ల్లో పటిక, సున్నంతో నీళ్లలోని ఫ్లోరైడ్ తీసే పద్ధతి కనిపెట్టి మన జిల్లా పేరు పెట్టారు. ఇథియోపియా, టాంజానియాలోనూ వాడారు. ఇక నన్ను ఆపడం ఆయన తరం కాలేదు. పటిక ఎక్కువైతే నీళ్లలో అల్యూమినియం మిగలడం, అడుగున చేరిన బురదను ఎక్కడ పారబోయాలన్న తంటా, మర్రిగూడ వైపు మా చుట్టాల ఫ్లోరైడ్‌కు వంగిన నడుములు, అన్నీ చెప్పాను. నా మార్కుల సంగతి ఆయన అడగనే లేదు.

మీకూ చెప్పుకోవడానికి సాగర్ ఎడమ కాలువ ఉంది, దాని కింద వరి ఉంది. ఏటా పోసే యూరియాలో పైరుకెంత, నీళ్లపాలెంత? బీజడ్సీ (బాటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) వాళ్లు ఎవరైనా కొలిచారా? కొలిచి అదే ఎస్‌ఓపీలో రాయండి, ఇంగ్లిష్ తప్పులు సార్లు దిద్దుతారు.

రికమెండేషన్ లెటర్లూ అంతే. గడువు రేపనగా వచ్చి "సార్, మీరు సంతకం పెడితే చాలు" అంటారు. పేరడిగితే నొచ్చుకుంటారు! నా దగ్గరికి వచ్చేవాళ్లు ప్రాక్టికల్ రికార్డు పట్టుకొని నెల ముందే రండి, కూర్చొని మాట్లాడుకుందాం. కన్సల్టెన్సీ టైపు చేసిచ్చిన కాగితంతో వస్తే మాత్రం చాయ్ తాగించి పంపిస్తాను.