సముద్రపక్షుల తావులు: సందర్శకుని ధర్మం

సముద్రపక్షి జీవితంలో ఒక చిత్రమైన వైరుద్ధ్యం కలదు. దాని ఆహారం, సంచారం, వేట అన్నీ సముద్రంపైననే. కాని గుడ్డు పెట్టడానికి మాత్రం దానికి నేల కావాలి. ఎంతటి మహాసముద్రాన్ని దాటగల పక్షి అయినా సంతానం కోసం ఏదో ఒక రాతిగుట్టనో, ఇసుకదిబ్బనో ఆశ్రయించక తప్పదు. అక్కడ అవి వందల సంఖ్యలో, వేల సంఖ్యలో గుమిగూడి, కొన్ని మాసాలపాటు పిల్లలను పెంచి, మరల నీలాకాశంలో కలిసిపోతాయి. ఆ కొద్ది మాసాలలోనే మానవుడు వాటిని దగ్గరగా చూడగలడు. ఆ కొద్ది మాసాలలోనే వాటికి తీరని హాని చేయగలవాడూ అతడే. కనుక సముద్రపక్షుల తావును చూడబోయే యాత్రికుని ఉత్సాహానికి వివేకం తోడు కావాలి.

మన దేశంలో ఇందుకు చక్కని ఉదాహరణ అరేబియా సముద్రంలో కలదు. లక్షద్వీపాలలో 36 దీవులుండగా, వానిలో జనావాసం గలవి పది మాత్రమే. వాటి పాలనాకేంద్రం కవరత్తి. కవరత్తికి వాయవ్య దిశలో సుమారు 24 కిలోమీటర్ల దూరంలో పిట్టి అనే చిన్న దిబ్బ ఉన్నది. దానిని పక్షిపిట్టి అని కూడా వ్యవహరిస్తారు. ఈ పేరు వినగానే తెలుగువారికి ‘పిట్ట’ స్ఫురించడం సహజమే గాని, అగత్తి చెంత కల్పిట్టి అన్న మరొక తావు కూడా ఉన్నందున ఇది పిట్టకు సంబంధించిన పేరు కాదని, దిబ్బకు సంబంధించినదేనని భావించవచ్చు. ‘పక్షి’ అన్న మాట మాత్రం మలయాళానికీ తెలుగుకూ ఉమ్మడి సొత్తు. పక్షిపిట్టి వైశాల్యం సుమారు 1.2 హెక్టార్లు, అనగా మూడెకరాలు. అక్కడ మనుష్యులు నివసించరు, నీడనిచ్చే చెట్టు లేదు. పగడపు శిథిలాలు, ఇసుక, చుట్టూ అంతులేని సముద్రం. ఒక రైతు కుటుంబపు చేనికి మించని ఈ తావును మసివన్నె టెర్న్‌లు, గోధుమవన్నె నాడ్డీలు, తలపై నల్లని కుచ్చు గల పెద్ద టెర్న్‌లు తమ పురిటిల్లుగా ఎన్నుకొన్నాయి.

వీటిలో మసివన్నె టెర్న్ జీవితం ఆశ్చర్యకరమైనది. పెంపకం ముగిసి సముద్రంపైకి ఎగిరిన పిల్ల కొన్ని సంవత్సరాలపాటు నేలపై కాలు మోపదు. నీటిపై ఎక్కువసేపు తేలియాడడానికి దాని ఈకలు అనువైనవి కావు. కనుక అది గాలిలోనే తిరుగుతూ, అలల మీదికి ఎగసివచ్చే చిన్న చేపలను ముక్కుతో అందుకొంటూ జీవిస్తుంది. యుక్తవయస్సు రాగా గుడ్డు పెట్టడానికి నేలకు దిగుతుంది. ఆ గుడ్డు ఒక్కటే. దానికి గూడు అంటూ ఏమీ ఉండదు. ఇసుకలో చిన్న పల్లమే గూడు. సుమారు నెలరోజులపాటు తల్లీ తండ్రీ వంతులవారీగా దానిని కాపాడుతాయి.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయాన్ని గమనించాలి. గుడ్డును పొదగడం అనగానే వెచ్చదనం ఇవ్వడమని సామాన్యంగా భావిస్తాం. ఉష్ణమండలపు ఇసుకదిబ్బపై తల్లిపక్షి చేసే ప్రధానమైన పని దీనికి విరుద్ధం. అది తన దేహాన్ని గొడుగుగా చేసి గుడ్డుకు నీడనిస్తుంది. మధ్యాహ్నపు ఎండలో ఆ గొడుగు తొలగిపోతే కొద్ది నిమిషాలలోనే గుడ్డులోని జీవం నశించగలదు. పడవ దిగిన యాత్రికుడు పక్షుల మధ్యకు నడిచినప్పుడు వేల పక్షులు ఒక్కసారిగా పైకి లేస్తాయి. ఆ దృశ్యం మనోహరమని అతడు ఛాయాచిత్రం తీసుకొంటాడు. వాస్తవానికి ఆ చిత్రంలో ఉన్నది భయం. పక్షులు పైకి లేచిన ప్రతి నిమిషం నేలపై గుడ్లు ఎండకు మాడుతుంటాయి, ఇసుకపీతలు వాటిని వెదకుతుంటాయి. గుడ్లు ఇసుకవన్నెలో ఉండడం చేత కొన్ని ఆ యాత్రికుని పాదాల కిందనే నలిగిపోతాయి. అతడు దుర్మార్గుడు కాడు. పక్షులంటే ప్రేమతోనే వచ్చినవాడు. అజ్ఞానంతో కూడిన ప్రేమ కూడా హాని చేయగలదని ఈ ఉదాహరణ తెలుపుతున్నది.

ఈ పక్షులకూ అక్కడి జాలరులకూ గల అనుబంధం వేరు. లక్షద్వీపవాసుల ప్రధాన జీవనాధారాలలో సూర చేపల వేట ఒకటి. పెద్ద వలలతో గాక, గాలపు కర్రలతో ఒక్కొక్క చేపను పట్టడం వారి సంప్రదాయం. సముద్రంలో సూర చేపల గుంపు ఎక్కడున్నదో తెలుసుకొనేదెలా? ఆ చేపలు చిన్న చేపలను తరుముతూ పైకి తెచ్చినప్పుడు, వాటిని అందుకోవడానికి టెర్న్‌లు, నాడ్డీలు ఆకాశంలో గుమిగూడుతాయి. జాలరి దూరం నుండి ఆ గుంపును చూచి పడవను అటు మళ్ళిస్తాడు. ఈ విధంగా పక్షి జాలరికి మార్గదర్శి. పక్షులు తరిగిపోతే తన కన్ను తరిగిపోయినట్లేనని అతనికి తెలుసు. పరిరక్షణ అనేది పట్టణవాసుల వినోదానికి సంబంధించినది మాత్రమే కాదని, శ్రమజీవి భుక్తికి కూడా సంబంధించినదని దీనివల్ల స్పష్టమవుతున్నది.

పిట్టి దీవిని 1995లో పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. ‘అరణ్యం’ అన్న మాట ఇక్కడ పేరుకే. ఒక్క చెట్టూ లేని అభయారణ్యమిది. 2020లో లక్షద్వీపాలలో సముద్రపక్షుల కోసం ప్రత్యేకంగా మరొక సంరక్షణ ప్రాంతాన్ని కూడా ఏర్పాటు చేశారు. ఇట్టి తావులను యాత్రికుడు దిగి తొక్కరాదు. పక్షులు కలత చెందనంత దూరాన పడవ నిలిపి దుర్భిణితో చూడడమే ఉచితం.

‘చూడనివ్వకపోతే ప్రజలకు ప్రేమ ఎలా కలుగుతుంది?’ అని కొందరు ప్రశ్నించవచ్చు. ఈ ప్రశ్న న్యాయమైనదే. దీనికి ఇంగ్లండు చరిత్ర కొంత సమాధానం ఇస్తుంది. 19వ శతాబ్దంలో ఆ దేశపు తూర్పుతీరాన ఫ్లాంబరో కొండచరియల కింద విహారయాత్రికులు పడవలలో తిరుగుతూ, గూళ్ళలోని పక్షులను కేవలం వినోదానికి తుపాకులతో కాల్చేవారు. తల్లులు చనిపోగా పిల్లలు ఆకలితో చచ్చేవి. ఈ ఘోరాన్ని చూచి చలించినవారి కృషి ఫలితంగా 1869లో సముద్రపక్షుల రక్షణకు పార్లమెంటు చట్టం చేసింది. అదే తీరానికి ఉత్తరాన గల ఫార్న్ దీవులకు ఇప్పుడు యాత్రికులు తుపాకితో గాక దుర్భిణితో వెళ్తారు. నిర్ణీతమైన బాటపైనే నడుస్తారు. బాట పక్కన గుడ్లు పెట్టిన ఆర్కిటిక్ టెర్న్‌లు వచ్చినవారి తలలపై ముక్కుతో పొడుస్తాయి. అందుకని యాత్రికులు టోపీ ధరించి వెళ్తారు. ఇంటివారెవరో, అతిథులెవరో ఆ పొడుపు గుర్తు చేస్తుంది. 2022లో పక్షులకు ఫ్లూ వ్యాధి సోకి వేలాదిగా మరణించినప్పుడు ఆ దీవులలో దిగడాన్ని నిలిపివేశారు. 2024లో గాని ఇన్నర్ ఫార్న్ దీవిలో తిరిగి అడుగు పెట్టనివ్వలేదు. యాత్రికులపై ఆధారపడిన పడవవారికి నష్టం కలిగినా పక్షుల క్షేమానికే ప్రాధాన్యం దక్కింది.

తెలుగునాట విద్యార్థులు ఈ మర్యాదను అభ్యసించడానికి లక్షద్వీపాల దాకా పోనక్కరలేదు. పులికాట్ సరస్సుకు చేరువలో నేలపట్టు పక్షి సంరక్షణ కేంద్రం కలదు. 1976లో ఏర్పడిన ఈ కేంద్రంలో గూడబాతులు నీట మునిగిన చెట్లపై గూళ్ళు కట్టి, పులికాట్ నుండి చేపలు తెచ్చి పిల్లలను పోషిస్తాయి. ఇవి నడిసముద్రపు పక్షులు కావు గాని, గుంపుగా గూళ్ళు కట్టే పక్షులన్నిటికీ వర్తించే సూత్రమే వీటికీ వర్తిస్తుంది. తల్లి బెదరి లేచిన క్షణంలో కాకి గూటిపై వాలుతుంది. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో గ్రామస్థులు ఈ పక్షులను పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపడుచులుగా భావిస్తారు. పురిటింటి ముందు బిగ్గరగా మాట్లాడరాదన్న నియమం తెలుగువారికి ఎవరూ నేర్పనక్కరలేదు. ఆ నియమాన్నే పక్షులకు కూడా పాటించడం చాలును.

పాటించవలసినవి కొద్ది విషయాలే. ఏర్పరచిన బాటను, గోపురాన్ని వదలి ముందుకు పోరాదు. పక్షులను లేపడానికి చప్పట్లు కొట్టరాదు, రాళ్ళు విసరరాదు. ఈకనైనా, పెంకునైనా తీసుకొని రారాదు. తిని పారవేసిన పదార్థం కాకులను, కుక్కలను పిలుస్తుందని మరువరాదు. దీవులకు వెళ్ళే పడవలలో ఎలుక దాగి పోకుండా చూడాలి. ప్రపంచంలో అనేక దీవులపై సముద్రపక్షుల సంతానాన్ని రూపుమాపినది పడవలలో వచ్చిన ఎలుకయే.

ఇంతటి జాగ్రత్త అవసరమా అన్న సందేహానికి చివరి సమాధానం సముద్రమే ఇస్తున్నది. లక్షద్వీపాలలోని బంగారం పగడపు వలయంలో పరళి–1 అన్న చిన్న దిబ్బ పూర్తిగా కోతకు గురై అంతరించినదని 2017లో వెలువడిన అధ్యయనం తెలిపింది. దిబ్బలు కరిగిపోతున్నప్పుడు పక్షులు తరలిపోవడానికి నిర్జనమైన తావులు ఎన్నో మిగిలిలేవు. సముద్రపు కోతను ఒక యాత్రికుడు ఆపలేడు. తన అడుగును మాత్రం ఆపుకోగలడు.

టెర్న్‌కు రాష్ట్రమూ, భాషా, దేశపు ఎల్లా తెలియవు. లక్షద్వీపాలలో పుట్టిన పక్షి మాల్దీవుల జాలరికీ చేపల జాడ చూపవచ్చు. ఇట్టి ఉమ్మడి ఆస్తిని కాపాడే బాధ్యత కూడా ఉమ్మడిదే. దూరాన నిలిచి చూచి, నిశ్శబ్దంగా తిరిగివచ్చిన యాత్రికుడు ఆ బాధ్యతలో తన పాలు నెరవేర్చినట్లే.